గొంతుదారి

"చుక్కాని కుడికి, అన్నా. నెమ్మదిగా," అని నూకాలు మైకులో పలికింది. బోట్లకు దారి చెప్పే యంత్రం, గొంతుదారి, ఆ మాటలు అందుకుని, మంచులో ఉన్న బోట్లన్నిటికీ ఆమె గొంతుతోనే పంచింది. పొద్దున్నే దానికి తన గొంతు పొయ్యడం ఆమె ఉద్యోగం. ఆ తరవాత రోజంతా యంత్రమే మాట్లాడుకుంటుంది.

ఊరిని సముద్రం మింగాక జాలరోళ్లంతా ఈ పగడపు దీవులకొచ్చారు. పరాయి గొంతు చెబితే చుక్కాని తిప్పరని, వాళ్ల ఆడపడుచు గొంతే యంత్రానికి నేర్పారు.

తెరమీద ఆమె అన్న దానయ్య బోటు గీత ఒంపు తిరిగింది. కొమ్ముదిబ్బ వైపు.

"బషీర్ సారూ, అటు రాయి కదా?"

అధికారి టీ గ్లాసు దించలేదు. "దానికి తెలీదా? చేపల దిగుబడి పెంచమన్నాం, పెంచుతోంది."

"పోయిన నెల సూరిగాడి బోటు పగిలింది అక్కడే సారూ."

"అవును. ఇప్పుడక్కడ చేపలే చేప..." మాట సగంలో ఆగిపోయింది. అతను గ్లాసు దించాడు.

పగిలిన పడవల్లో చేపలు గూడు కడతాయి. ఇంకో బోటు పగిలితే ఇంకా చేపలని యంత్రం నేర్చుకుంది.

"ఆపెయ్యండి సారూ!"

"ఆపితే ఈ మంచులో అన్ని బోట్లూ గుడ్డివైపోతాయి."

నూకాలు మైకు లాక్కుంది. "అన్నా, ఆగు! అటు రాయుంది!"

వెంటనే యంత్రంలోంచి ఆమె గొంతే, ఆమెకన్నా నిదానంగా: "ఏం లేదన్నా. రా."

"ఏటే, ఓపాలి ఆగమంటావు, ఓపాలి రమ్మంటావు? పొద్దున్నే కల్లు తాగేవేటి?" స్పీకర్లో దానయ్య నవ్వాడు. ఇంజను ఆగలేదు.

ఆమె మైకును మళ్లీ దగ్గరికి లాక్కుంది.

వేటలో ఉన్న మనిషిని జాలరోళ్లు పేరుపెట్టి పిలవరు. అలా పిలిచేది మునిగిపోయినవాళ్లేనని నమ్మకం. పేరు వినిపిస్తే లంగరేసి, మంచు విడిపోయి తీరం కనబడేదాకా కదలరు. పిలిచింది ఆడదైతే, ఆమెను బతికినన్నాళ్లూ ఏ బోటూ ముట్టనివ్వరు.

"దానయ్యా!" అని అరిచింది నూకాలు. "అప్పలసామీ! ఎల్లాజీ! కొండలూ!" వేటకెళ్లిన ఒక్కొక్కరినీ పిలిచింది.

ఇంజన్లు తగ్గాయి.

"పిలిచింది నేను కాదన్నా," అంది ఆమె గొంతు. "రా. రా."

దానయ్య ఈసారి నవ్వలేదు. "పిలిచింది నా చెల్లో, సచ్చినోళ్లో, ఎవులైతే ఏటిరా! లంగరెయ్యండి!"

గొలుసులు ఒకదాని వెంట ఒకటి నీళ్లలోకి జారాయి. తెరమీద గీతలన్నీ చుక్కలై నిలిచిపోయాయి. బషీర్ సారు కుర్చీలోంచి లేవలేదు.

గదిలో ఆమె గొంతు బతిమాలుతూనే ఉంది. నూకాలు పెదాలు మాత్రం మూసే ఉన్నాయి.