మంగళవారం వరసలు

"సూదులు కింద పెట్టండి" అంది ఫిజియో అమ్మాయి.

ఎవరూ పెట్టలేదు.

గ్రంథాలయం మేడమీది గదిలో, పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుని ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని క్రోషే అల్లుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఒకే ఒక్క మగవాడు. లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి అందరూ అతన్ని లిఫ్టబ్బాయి అంటారు. ఆ చేతులు చూస్తే రెంచీలు పట్టుకోడానికే పుట్టినట్టుంటాయి. ఆ చేతుల్లో వేలెడు కొక్కెం సూది, ఒళ్ళో పసుపుపచ్చ ఊలు. ఒకప్పుడు కాలు విరిగి మంచాన పడితే, పెంచిన మేనత్త "ఊరికే పైకప్పు చూస్తే ఏమొస్తుందిరా" అని చేతిలో సూది పెట్టింది. కాలు అతుక్కుంది. సూది మాత్రం చేతిని వదల్లేదు.

"వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను, ఒక్కళ్ళూ మెడ ఎత్తలేదు. లేవండి. ఒళ్ళు కాస్త కదిలిద్దాం" అంది ఫిజియో అమ్మాయి.

"వరస అవ్వలేదండి" అన్నాడు లిఫ్టబ్బాయి, తలెత్తకుండా.

"అయితే?"

"మధ్యలో లేవకూడదు."

"లేస్తే ఏమవుతుంది?"

సూదులన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ గదిలో అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"ఏమవుతుందో తెలీదమ్మా" అంది అతని పక్కనే అల్లుతున్న మేనత్త, బాగా ఆలోచించి. "ఎప్పుడూ ఎవరూ లేవలేదు."

ఫిజియో అమ్మాయిని ఆస్పత్రివాళ్ళు పంపారు. సరదాకి కూర్చుని చేతిపని చేసుకునేవాళ్ళకి మెడలు, భుజాలు, మణికట్లు పట్టెయ్యకుండా ప్రతి మంగళవారం సాయంత్రం తేలికపాటి వ్యాయామాలు నేర్పడం ఆమె పని. మొదటి రోజే గోడకి చెప్పుకున్నట్టయింది. చేతులు కట్టుకుని, అందరి వరసలూ అయ్యేదాకా ఆగుదామని ఒక కుర్చీలో కూర్చుంది. ఒకరిది అయ్యేసరికి ఇంకొకరు కొత్తది మొదలుపెడుతున్నారు. ఇలాగైతే తను రిటైరయ్యేదాకా ఇక్కడే కూర్చోవాలని ఆమెకి అర్థమైంది.

"సరే. ఎవరి వరస అయితే వాళ్ళే లేవండి. అల్లిక తిప్పేటప్పుడు మీరూ లేచి, భుజాలు తిప్పి, మళ్ళీ కూర్చోండి."

ఇది అందరికీ నచ్చింది. ఆ తర్వాత గదిలో ఎవరో ఒకరు లేస్తూనే ఉన్నారు, ఎవరో ఒకరు కూర్చుంటూనే ఉన్నారు. కింద పేపరు చదువుకోడానికి వచ్చిన ఒక పెద్దాయన దారి తప్పి మేడెక్కాడు. భుజాలు పట్టుకుని తిప్పుకుంటున్న వాళ్ళని గుమ్మంలోంచి చూసి, "గుమ్మడికాయల దొంగలందరినీ ఒకచోట చేర్చారా ఏంటి?" అని దిగిపోయాడు.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పోస్టమ్మగారు భుజాలు ముందుకి తిప్పబోయి వెనక్కి తిప్పింది. నాలుక కరుచుకుంది. తిప్పినవన్నీ అటునుంచి ఇటు తిప్పేసి, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారండీ?"

"తప్పు పడింది డాక్టరమ్మా. విప్పుతున్నాను."

"నేను డాక్టర్ని కాదండీ. వ్యాయామంలో విప్పడం ఉండదు."

"మరి తప్పు లోపలే ఉండిపోదూ?"

ఫిజియో అమ్మాయి నవ్వాపుకోవాలని చూసింది. పెదాలు బిగించింది. కిటికీవైపు తిరిగింది. లాభం లేకపోయింది. ఆ నవ్వు విని లిఫ్టబ్బాయి తలెత్తాడు. ఎత్తిన తలని ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపే అలా ఉంచాడు. సూది మీంచి కుట్టు జారిపోయింది.

"మెడ బాగానే లేస్తోందే!" అందామె.

అతను తల దించేసుకున్నాడు.

మరో మంగళవారం టీ ఇచ్చినప్పుడు ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీది ఎడమచేతి వాటమా?"

"కాదండి."

"కప్పు ఎడమ చేత్తో పట్టుకున్నారు?"

అతను నీళ్ళు నమిలాడు. నోట్లో ఉన్నది టీ కాబట్టి దాన్నీ నమిలాడు.

"ఆ కుడిచెయ్యి ఇలా ఇవ్వండి."

బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించమంది. ఆ పిడికిలిని చిటికెనవేలి వైపు మెల్లగా వంచింది. "అబ్బా!" అన్నాడు. ఆ వారం మొత్తంలో అతను అన్న పెద్దమాట అదే.

"పగలంతా రెంచీ, సాయంత్రం సూది. వాచిపోయింది చూడండి. ఇంతకీ ఈ దుప్పటి ఎవరికి?"

"చెల్లెలి బిడ్డకి."

"బాబా, పాపా?"

"ఇంకా పుట్టలేదండి. ఇది అయ్యేదాకా ఆగమని చెప్పాను."

"చెల్లెలికా? ఏమంది?"

"తన చేతిలో లేదంది."

ఆమె దగ్గుతున్నట్టు నటించి మొహం పక్కకి తిప్పుకుంది. అల్లడం మానెయ్యమంటుందేమోనని అతని భయం. ఆమె ఆ మాట అనలేదు.

"ఒక వరస అల్లండి, ఆగండి. వేళ్ళు పూర్తిగా చాపి, మెల్లగా ముయ్యండి. అరచెయ్యి గోడకి ఆనించి కొంచెం సాగదియ్యండి. నొప్పి వచ్చేదాకా కాదు, రాకముందే ఆపాలి. సూదికి గుడ్డ చుట్టి లావు చేసుకోండి. ప్రతి మంగళవారం నేను చూస్తాను."

చివరి మాట తప్ప మిగతావన్నీ గుర్తుపెట్టుకోడానికి అతను కష్టపడ్డాడు.

చెప్పినవి చెప్పినట్టు చేశాడు. లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, బావిలాంటి ఆ చీకట్లో గోడకి అరచెయ్యి ఆనించేవాడు. "ఇంకా ఎంతసేపయ్యా?" అని పైనుంచి ఎవరైనా కేకేస్తే, "సాగుతోందండి" అనేవాడు. లిఫ్టులో ఏదో సాగే సామాను ఉంటుంది కాబోలనుకుని వాళ్ళు ఊరుకునేవారు.

వానలు పడేసరికి నొప్పి పూర్తిగా పోయింది.

ఆ మంగళవారం ఆమె తడిసి వచ్చింది. చల్లటి వేళ్ళతో అతని మణికట్టు పట్టుకుంది. ఆమె ముంగురుల్లోంచి ఒక నీటిబొట్టు జారి అతని చేతిమీద పడింది.

"ఎలా ఉంది?"

"ఉందండి. కొంచెం" అన్నాడు.

అతనికి అబద్ధం అలవాటు లేదు. అలవాటు లేనివాడి అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు. మరుసటి మంగళవారం కూడా కొంచెం ఉంది. ఆ తర్వాతి వారానికి, ఎక్కడుందో అతనే మరిచిపోయాడు.

"పోయినవారం బొటనవేలి వైపన్నారు?"

"ఇటొచ్చిందండి."

"నొప్పి అలా ఇల్లు మారదండీ."

"అక్కడ నచ్చలేదేమో."

ఆమె పకపకా నవ్వింది. తను హాస్యమాడినట్టు అప్పుడు తెలిసి అతను కంగారుపడ్డాడు.

ఆ నవ్వు మాత్రం తర్వాతి వారాల్లో తగ్గుతూ వచ్చింది. ఆమె మణికట్టు పట్టుకుని ఎక్కువసేపు ఆలోచిస్తోంది. ఎటూ చూడనట్టుండే అతను అన్నీ చూస్తాడు. ఆమె సంచి పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం చూశాడు.

"వచ్చే మంగళవారం మా పెద్ద డాక్టరుగారు వస్తున్నారు" అంది ఒకరోజు. "కాలక్షేపానికి అల్లుకునేవాళ్ళకి వ్యాయామాలేంటి, వేడి కాపు చాలదా అంటారాయన. నిజంగా వాచిన చెయ్యి ఒక్కటి తగ్గించి చూపిస్తే క్లాసు ఉంచుతానన్నారు. ఇక్కడ నిజంగా వాచింది మీదొక్కటే. తగ్గకపోతే నన్ను మళ్ళీ మిషన్ల గదిలో పడేస్తారు. బటన్ నొక్కడం, గంట మోగితే ఆపడం. అంతే నా పని."

అతను తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"నేను చెప్పినవన్నీ మీరు చేస్తున్నారు. వాపు పోయినా నొప్పి తగ్గట్లేదు. లోపం నా చేతుల్లోనే ఉందేమోనండీ."

చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. అది అతని గొంతులో, రెండు అంతస్తుల మధ్య లిఫ్టులా ఇరుక్కుపోయింది. దాన్ని బాగుచెయ్యడం అతనికి చేతకాలేదు.

సోమవారం సాయంత్రం ఇంట్లో మంచంమీద దుప్పటి పరిచాడు. చెయ్యి ఎలా ఉంటే అల్లిక అలా వస్తుంది. మొదట్లో వరసలు ముడుచుకుపోయి ఉన్నాయి. అవి నొప్పి రోజులు. తర్వాతవి చదునుగా, సాఫీగా ఉన్నాయి. చెయ్యి బాగుపడిందనడానికి ఇంతకంటే సాక్ష్యం లేదు. తీసుకెళ్ళి చూపిస్తే చాలు.

కానీ ఆ సాఫీ అల్లికలో మధ్యమధ్య ఒక్కో వరస చేపల వలలా వదులుగా సాగిపోయి ఉంది. అవి ఏ గదిలో, ఎవరు ఎదురుగా ఉండగా అల్లినవో అతనికి తెలుసు. అల్లిక తెలిసినవాళ్ళు ఎవరు చూసినా తెలిసిపోతుంది.

దారం కొస పట్టుకున్నాడు. ఆ వరసలు తీసెయ్యాలంటే వాటి తర్వాత అల్లినవన్నీ విప్పాలి. మధ్యలోది మధ్యలోంచి లాగడం కుదరదు. విప్పితే సాక్ష్యం పోతుంది. విప్పకపోతే పరువు పోతుంది.

మేనత్త గుమ్మంలో నిలబడింది. "ఏరా, విప్పుతావా?"

"చూస్తున్నానత్తా."

"చూడు, చూడు" అని ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

దారం కొస చేతిలో ఉండగానే కూర అయింది, భోజనాలయ్యాయి. అతను దుప్పటి మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు వచ్చిన పెద్ద డాక్టరు పొడుగాటి మనిషి. వస్తూనే బల్ల చుట్టూ చూసి, "ఆ చెయ్యి ఇతనిదేనా?" అన్నాడు.

"అవును సార్. తగ్గలేదు సార్." ఫిజియో అమ్మాయి అడక్కముందే చెప్పేసింది. "వ్యాయామాల్లో తప్పు లేదు. నేర్పడం నాకే రాలేదు."

"తగ్గింది" అన్నాడు లిఫ్టబ్బాయి.

ఆమె గిరుక్కున తిరిగింది.

"ఎప్పుడు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"చాన్నాళ్ళయిందండి."

ఆయన చెయ్యి పట్టుకుని వంచాడు, నొక్కాడు. అతను కిక్కురుమనలేదు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పిల్లికి ఎలుక సాక్ష్యం అన్నట్టుంది. పోయినవారం దాకా నొప్పన్నావట. ఇవాళ ఈ అమ్మాయి క్లాసు పోతుందని తెలిసి, పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటున్నావు. మంచివాడివే. కానీ ఇది వైద్యం కాదు."

లిఫ్టబ్బాయి సంచిలోంచి దుప్పటి తీసి బల్లమీద పరిచాడు.

"ఇదేంటి?"

"నా చెయ్యేనండి."

"నాకు దుప్పట్లు చదవడం రాదయ్యా."

"మాకొచ్చు" అని పోస్టమ్మగారు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. అల్లికమీద వేలు పెట్టింది. "ఇక్కడ చూడండి, దారం గొంతు పిసికినట్టు లేదూ? నొప్పి. ఇక్కడా నొప్పే. ఇక్కడ సూదికి గుడ్డ చుట్టాడు, కుట్టు కాస్త ఊపిరి పీల్చుకుంది. ఇదిగో, ఇక్కణ్ణుంచి పలక పరిచినట్టుంది. పళ్ళు బిగబడితే ఇలా రాదండీ. బిగబడితే కుట్టూ బిగుస్తుంది."

ఆయన వంగి వేళ్ళతో తడిమాడు. ముడుచుకున్న చోట తడిమాడు, చదునైన చోట తడిమాడు. మనిషి మొండివాడే గానీ, కళ్ళెదురుగా ఉన్నదాన్ని కాదనడు.

"అంటే ఎప్పుడో తగ్గిందన్నమాట. బాగుంది. మరి బాగైన చోట మధ్యమధ్య ఇలా జావగారిపోయిందేం? నొప్పి తిరగబెట్టిందా?"

పోస్టమ్మగారు నోరు తెరిచి, మూసేసుకుంది. అందరూ మేనత్త వైపు చూశారు.

"అవి మంగళవారాలండి" అంది మేనత్త.

"మంగళవారాలకి ఏమైంది?"

ఆయన దుప్పటిని చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డ లిఫ్టబ్బాయిని చూశాడు. అంతకంటే ఎర్రగా ఉన్న ఫిజియో అమ్మాయిని చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నా శాఖ కాదు. క్లాసు నడుపుకోండి" అని మెట్లు దిగిపోయాడు.

ఆయన వెనకే ఆమె సంచి తీసుకుని దిగిపోయింది. ఆమె వెనక అతను.

కింద వసారా దాటితే వాన. ఆమె గొడుగు మేడమీదే ఉండిపోయింది. దానికోసం మళ్ళీ ఎక్కడం కంటే కోపంగా అక్కడే నిలబడటం నయమనుకుంది.

"ఎన్ని పుస్తకాలు తిరగేశానో తెలుసా మీకు? నా చేతులే పనికిరావనుకున్నాను. మా నాన్న మోకాలు చూడమంటే భయమేసి వేరేవాళ్ళ దగ్గరికి పంపాను."

"తప్పేనండి."

"తప్పేనంటే అయిపోయిందా? ఎందుకు చెప్పారలా?"

అతను వాన వైపు చూస్తూ, జీవితంలోకెల్లా పొడుగు మాట చెప్పాడు. "నొప్పి లేదంటే మీరు చెయ్యి వదిలేస్తారు కదండీ."

చూరునీళ్ళు చప్పుడు చేస్తున్నాయి.

"వదలొద్దని అడగొచ్చుగా?"

"అది పెద్ద మాటండి. 'కొంచెం ఉంది' అనడం సులువు."

ఆమెకి ఇంకా చాలా అనాలని ఉంది. పైన ఏదో గుసగుస వినపడి తలెత్తింది. మేడమీది కిటికీలో తలలు బత్తాయిల్లా పేర్చి ఉన్నాయి.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"కళ్ళకి వ్యాయామం డాక్టరమ్మా" అంది మేనత్త. "దూరంగా ఉన్నవి చూడాలట. పేపర్లో వేశారు."

"మాకోసం దగ్గరికి రాకండి, అక్కడే ఉండండి" అంది పోస్టమ్మగారు.

ఆమె వాళ్ళకి కనపడకుండా గోడ పక్కకి జరిగింది. అతనూ జరిగాడు.

"ఇప్పుడు నొప్పుందా?"

"లేదండి."

"బొటనవేలి వైపు?"

"లేదు."

"ఇల్లు మారిన వైపు?"

"ఎక్కడా లేదు. ఒట్టు."

"అయితే ఇలా ఇయ్యి."

ఇచ్చాడు. ఆమె వంచలేదు, నొక్కలేదు. వేళ్ళలో వేళ్ళు పెట్టి పట్టుకుని ఊరుకుంది.

"ఇదేం పరీక్షండి?"

"పరీక్ష కాదు. ఇంకెప్పుడూ నాకు అబద్ధం చెప్పకు."

"చెప్పను."

ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక సైకిలు పోయింది. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని ఒకాయన నడిచిపోయాడు.

"వాన తగ్గిందా?" అందామె.

అతనికి క్షణం పట్టింది. కానీ మాటిచ్చాడు.

"ఎప్పుడో తగ్గింది."

"నాకూ తెలుసు" అంది ఆమె, చెయ్యి వదలకుండా. "నువ్వు చెప్తావో లేదోనని చూశాను."