కపాలం కింది ఫిర్యాదు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన మండాల్సిన వేళ... కారుమబ్బులు ఆకాశాన్ని మింగేశాయి. ఫెళఫెళమని ఉరుము! విశ్వవిద్యాలయ పరిపాలనా భవనం వెంటిలేటర్లో, పట్టపగలే, ఒక గుడ్లగూబ! రెప్ప వేయకుండా గుమాస్తానే చూస్తోంది...

అది ఫిర్యాదుల కమిటీ కార్యాలయం. వేధింపుల నుంచి విద్యార్థినులను కాపాడటానికి పెట్టింది. గోడ మీద బంగారు రంగు పలక: "పదకొండేళ్ళుగా ఒక్క వేధింపు కేసూ లేని విశ్వవిద్యాలయం". నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. గుమాస్తాకు మాత్రం ఇవాళ ఆ పలక చూస్తే ఒళ్ళు మండుతోంది. వచ్చిన కాగితాలకు నంబరు వేసి, ముద్ర కొట్టి, రిజిస్టరులో రాసుకునేది ఆమే. పదకొండేళ్ళలో ముప్ఫై ఏడు ఫిర్యాదులు స్వయంగా లోపలికి పంపింది. ముప్ఫై ఏడుగురూ వెనక్కి తీసుకున్నారు. అందరిదీ ఒకటే వాక్యం: "నేను పొరబడ్డాను."

ముప్ఫై ఏడుగురికీ అదే వాక్యం ఎలా తడుతుంది?

ముప్ఫై ఎనిమిదో ఫిర్యాదు ఆమె చెల్లెలి కూతురిది. ఆ పిల్ల పరిశోధన చేస్తోంది. గైడు ప్రయోగశాల తలుపు మూసి గడియ పెట్టాడు. సోమవారం ఫిర్యాదు ఇచ్చింది. మంగళవారం తెల్లారేసరికి గొంతు లేదు! డాక్టరు నోట్లో టార్చిలైటు వేసి చూసి, "గొంతుకేం రోగం లేదమ్మా, బెదిరినట్టుంది" అన్నాడు. ఇవాళ శుక్రవారం, పన్నెండున్నరకు విచారణ. పిల్ల నోరు విప్పి చెప్పకపోతే అబద్ధపు ఫిర్యాదని విశ్వవిద్యాలయం నుంచి పిల్ల పేరే కొట్టేస్తారు. గైడు మాత్రం గడియతో సహా అక్కడే ఉంటాడు.

అసలు అనుమానం బుధవారం పుట్టింది. ఆ రోజు ఛైర్మన్ గదిలోకి ఫైలు పట్టుకెళ్ళింది. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక కపాలం ఉంటుంది. వైద్య విభాగం వాళ్ళు ఇచ్చిన పేపర్ వెయిట్ అని ఆయనే నవ్వుతూ చెబుతాడు. దాని కింద పిల్ల రాసిన కాగితం... పిల్ల పేరు చుట్టూ నెత్తుటి రంగు గీత! ఛైర్మన్ ఫోన్లో మాట్లాడుతూ పొలమారి దగ్గాడు. ఆ దగ్గులోంచి...

"పెద్దమ్మా..."

పిల్ల గొంతు! చివర కాస్త సాగదీసే ఆ తీరు కూడా పిల్లదే!

ఆయన నీళ్ళు తాగి, "జలుబమ్మా" అన్నాడు తాపీగా.

బయట ముసలి అటెండరు ఇకిలించాడు. "మన సారుకెన్ని గొంతులో చూశారా అమ్మా! నిన్న తలుపేసుకుని పాట పాడుతుంటే, ఇరవయ్యేళ్ళ పిల్లనుకున్నా. ముసలాడికి పాలపళ్ళు మొలిచినట్టుంది వ్యవహారం."

గుమాస్తా నవ్వలేదు. తన కిటికీ పక్కన తానే అతికించిన నియమాలు చూసింది. ఫిర్యాదు సొంత దస్తూరీతో రాయాలి. ఒక్కరే సంతకం చేయాలి. నకలు ఉంచుకోరాదు. ఛైర్మన్ వచ్చిన మొదటి వారంలో పెట్టిన నియమాలవి. ఒకసారి ఇద్దరమ్మాయిలు కలిసి ఫిర్యాదు ఇస్తే, ఆ మహానుభావుడు పామును తొక్కినవాడిలా ఎగిరిపడ్డాడు. "రెండు పేర్లొద్దు! విడివిడిగా రాయించు!"

కంచే చేను మేస్తోంది. చేలోకి పిల్లల్ని తోలింది తనే! "ఒక్కదానివే సంతకం పెట్టమ్మా" అని ముప్ఫై ఎనిమిదిసార్లు తన నోటితోనే చెప్పింది...

ఆ మధ్యాహ్నమే రిజిస్టరులోని చిరునామాలన్నిటికీ సందేశాలు పంపింది. ఇద్దరు రాలేమని జవాబు రాశారు. తొమ్మిదిమంది జవాబే ఇవ్వలేదు. ఇరవై ఆరుగురు గురువారం రాత్రికల్లా వచ్చారు. వాళ్ళలో ఒక్కరికీ గొంతు లేదు! తనొక్కదానికే ఇలా అయిందని ఎవరికి వాళ్ళు ఇన్నేళ్ళూ నోరు మూసుకుని బతికారు. గుమాస్తా ఇంటి వంటగదిలో పిల్లతో కలిపి ఇరవై ఏడుగురు ఒకరినొకరు చూసుకుని, నిశ్శబ్దంగా ఏడ్చారు. తర్వాత కలం అందుకున్నారు.

పన్నెండున్నర!

విచారణ గదిలో ఇద్దరు సభ్యులు కునుకుతున్నారు. ఛైర్మన్ తేనెలో ముంచిన గొంతుతో, "చెప్పు తల్లీ, మేమంతా నీ వాళ్ళమే" అన్నాడు. అంటూనే బొటనవేలితో కపాలాన్ని నొక్కాడు. పెదవులు ఏదో జపిస్తున్నాయి...

పిల్ల మెడ విల్లులా వెనక్కి వంగింది! కనుగుడ్లు తేలిపోయాయి! చేతిలో కలం దానంతటదే కదిలింది: "నేను పొర..."

తలుపు తోసుకుని గుమాస్తా వచ్చింది. "సార్, ఇంకో ఫిర్యాదు. ముద్ర పడింది."

"ఇప్పుడా? బుద్ధుందా నీకు?"

"సొంత దస్తూరీయే సార్. చిన్న పిల్ల."

ఛైర్మన్ నాలుక పెదవుల మీద పాకింది. ఇంకో గొంతు! ఆబగా లాక్కున్నాడు. కాగితం నాలుగు అంచులూ వెనక్కి మడిచి, నడిమి భాగమే కనబడేలా ఉంది. పైకి కనిపిస్తున్నది ముద్ర, దాని కింద కాస్త ఖాళీ. ముద్ర కనబడితే చాలు, చదవకుండానే "చూశాను" అని సంతకం గిలకడం ఆయనకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. గిలికేశాడు. కపాలం కింద తోశాడు. ప్రయోగం మొదలుపెట్టాడు...

పిడుగు! గాలికి కాగితం దానంతటదే విచ్చుకుంది.

బండి చక్రంలా గుండ్రంగా సంతకాలు! ఇరవై ఏడుగురివి, గుమాస్తాదీ కలిపి ఇరవై ఎనిమిది. మొదటి పేరు లేదు, చివరి పేరు లేదు. మంత్రం ఏ పేరునూ పట్టలేక గిర్రున తిరిగింది... తిరిగింది... నట్టనడుమ ఒంటరిగా ఉన్నది ఒకే ఒక్క పేరు. సొంత దస్తూరీతో.

ఛైర్మన్‌ది!

"వద్దు! వద్దూ!!"

అదే ఆ గొంతు పలికిన ఆఖరి మాట. ఆయన కంఠం పాములు దూరినట్టు ఉబ్బింది. నోరు దానంతటదే తెరుచుకుంది. ఒకటి... పది... ఇరవై... పదకొండేళ్ళుగా మింగిన గొంతులన్నీ హోరున బయటికి దూకాయి! రానన్న ఇద్దరివీ, జవాబివ్వని తొమ్మిదిమందివీ కూడా! కపాలం ఫటేలుమని పగిలి పిండి పిండి అయింది. బంగారు పలక గోడ మీంచి ఊడిపడింది. ఛైర్మన్ ఎండిన తోలు తిత్తిలా కుర్చీలో కుప్పకూలాడు. గుడ్లగూబ రెక్కలు టపటపలాడిస్తూ వానలోకి పారిపోయింది.

వరండాలో కాచుకున్న ఇరవై ఆరుగురు స్త్రీలు ఒక్కసారిగా గొంతెత్తారు. సభ్యులిద్దరి కునుకూ వదిలింది.

పిల్ల మెడ నిలబెట్టింది. తను రాస్తున్న కాగితాన్ని నిలువునా చించింది. "జరిగింది చెప్తాను, రాసుకోండి. పెద్దమ్మా... ముందు ఆ తలుపు బార్లా తెరువు."

గుమాస్తా తెరిచింది. ఛైర్మన్ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆమె ఆయన ముందు ఒక తెల్లకాగితం పెట్టింది.

"మీరేమన్నా చెప్పుకోవాలంటే రాసివ్వండి సార్. సొంత దస్తూరీతో. ఒక్కరే సంతకం చేయాలి."