తేనెబండ తాడు

మ్యూజియంలో ఏ బల్ల ఖాళీగా కనిపిస్తే దాని మీద కూలబడుతోంది అంకమ్మ. చంకలో రెండేళ్ళ మల్లి బరువు, కాళ్ళలో తీపులు. గడ్డి కూరిన ఎలుగుబంటిని చూసి పిల్ల జడుసుకుని ఏడ్చింది. సీసాల్లో పాముల్ని చూసి మళ్ళీ ఏడ్చింది. అద్దాల వెనక చెంచుల గుడిసె, విల్లంబులు, తేనెబుట్ట.

"మనింటి సామాన్లు చూడ్డానికి ఇంతదూరం జీపెక్కి వచ్చినామా?" అని గొణుక్కుంది.

అంతలో చివరి గదిలోంచి మొగుడు బయన్న కేక వేశాడు. "అంకీ! ఇట్లా రా! బిరీన రా!"

గోడకు ఆనించిన పెద్ద రాతిపలక. ఎప్పుడో అడవిలోంచి తెచ్చింది. దాని మీద ఎర్రమన్నుతో గీసిన బొమ్మ: నిట్టనిలువు బండ, బండ నడుమ నల్లటి గుహ, గుహ ముందు తాడుకు వేలాడుతున్న మనిషి. బండ నెత్తిన కాళ్ళు తన్నిపెట్టి ఇంకొకడు కూర్చున్నాడు. ఆ పైవాడి చుట్టూ లెక్కలేనన్ని చుక్కలు.

"ఇది మన తేనెబండ! చిలకముక్కు లాంటి ఆ కొస చూడు," బయన్న వేలు పెట్టి చూపించాడు. "రాజెవరో పారిపోతా గుహలో సొమ్ము దాచినాడని తాత చెప్తా ఉండె. ఈ చుక్కలే ఆ కాసులు!"

జీపు తోలుకొచ్చిన సుదర్శనం కళ్ళు మెరిశాయి. "నా దగ్గర నైలాన్ తాడుంది. నువ్వు దిగు, నేను పట్టుకుంటా."

అంకమ్మ బిడ్డను ఎగదోసుకుని ముందుకొచ్చింది. తేనెకు బండ దిగేవాడి తాడు పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. అక్క బతుకు చెడనివ్వడు కాబట్టి వాడు తాడు వదలడు. వాళ్ళ గూడెంలో ఎరిగినప్పటి నుంచీ అదే పద్ధతి.

"మా గురవడు పడితేనే నువ్వు దిగేది," అంది.

"వాడితో నాకు మాటల్లేవు గదా!"

"మాట్లాడమన్నానా? తాడు పట్టించమన్నా."

తగవు మల్లి పుట్టువెంట్రుకల దగ్గర మొదలైంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాల్సిన జుట్టును, బయన్న ఎవరికీ చెప్పకుండా టౌనులో తీయించేశాడు. ఆనాటి నుంచి గురవడు వాళ్ళ గడప తొక్కలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె తమ్ముడి గుడిసె ముందు నిలబడింది.

"జుట్టు తీసేటప్పుడు గుర్తు రాలేదా ఈ మామ?" తల ఎత్తకుండానే అడిగాడు.

"తిట్టు. తిట్టుకుంటానే పద. జీపాయన చేత తాడు పట్టిస్తాడంట మీ బావ."

గురవడు అప్పటికి తల ఎత్తాడు. లేచి, వాసానికి వేలాడుతున్న నాయన నారతాడు దించి భుజాన వేసుకున్నాడు. మూలనున్న గొంగడి కూడా తీసుకున్నాడు.

ఎక్కుడు. ఒకటే ఎక్కుడు. ఎండిన వెదురాకు మీద కాలు నిలవదు. ముళ్ళకంపలు కొంగు పట్టి లాగుతున్నాయి. ముందు బయన్న, గురవడు, సుదర్శనం; వెనక బిడ్డకు పాలిస్తూనే నడిచింది అంకమ్మ. పొదలో ఏది కదిలినా పామేమోనని, బిడ్డ ఒళ్ళు కాస్త వెచ్చబడితే జ్వరమేమోనని ఆమెకు ఒకటే గుబులు. ఇంటి దగ్గర ఉండొచ్చు కదా అంటే, ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం ఇంకా కష్టం.

తేనెబండ నెత్తికి చేరేసరికి ఎండ ముదిరింది. కొస కింద మంచాలంత తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. గురవడు తాడును చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, కాళ్ళు రాతికి తన్నిపెట్టి కూర్చున్నాడు. గొంగడి అక్క మీదికి విసిరాడు.

"బిడ్డను కప్పుకుని ఆ పొదలో కూర్చో. ఏమైనా కదలొద్దు."

బయన్న తాడు నడుముకు కట్టుకున్నాడు. గుంజితే దించాలి. ఊపితే లాగాలి. బావా బామ్మర్దుల మధ్య ఆ తాడు ఒక్కటే మాట్లాడింది.

బయన్న గుహలోకి దూరాడు. పైన సుదర్శనానికి ఓపిక నిలవలేదు. "లోతెంతుందో!" అంటూ ఒక రాయిని కిందికి దొర్లించాడు.

"ఒరేయ్! వద్దు!" గురవడు అరిచేలోపే రాయి తేనెపట్టుకు తగిలింది.

లోయంతా హోరెత్తింది. నల్లటి మబ్బులా ఈగలు పైకి లేచాయి. "అమ్మో! చచ్చినా!" అంటూ సుదర్శనం దిగువకు పరుగు తీశాడు. అంకమ్మ బిడ్డను పొట్టకింద అదుముకుని గొంగడి లాక్కుంది. చిరుగులోంచి తమ్ముడు కనిపిస్తున్నాడు. మొహం మీద, మెడ మీద, చేతుల మీద ఈగలే. చెయ్యి విదిలించడం లేదు. విదిలిస్తే తాడు జారుతుంది.

"గురవా! పట్టుకోరా నాయనా!" ఆమె ఏడుపు ఆ హోరులో కలిసిపోయింది.

గుహ చీకట్లో బయన్నకు మైనంతో మూతి బిగించిన కుండ దొరికింది. ఎత్తితే బరువుగా, కదిపితే గలగలమంది. సంబరంగా వీపుకు కట్టుకుని తాడు అందుకున్నాడు. తాడు వణుకుతోంది. ఆ వణుకు గాలిది కాదు, మనిషిది. బయట హోరు విన్నాడు. పైన ఏం జరుగుతోందో అర్థమైంది. ఈ బరువు కూడా వేస్తే ఆ చేతులు ఆగుతాయా?

కుండను ముట్టి చూశాడు. ఇంకోసారి చూశాడు. విప్పి, దొరికిన చోటే పెట్టేసి తాడు ఊపాడు. ఈగల మధ్యగా, కళ్ళు మూసుకుని ఎగబాకాడు.

పైకి రాగానే బామ్మర్దిని రెండు చేతులా ఎత్తి భుజాన వేసుకున్నాడు. అంకమ్మ బిడ్డతో గొంగడిలోనే వెనక పరుగెత్తింది. వాగు వచ్చేదాకా ఎవరూ ఆగలేదు.

గురవణ్ణి ఆసుపత్రిలో పడుకోబెట్టి, సూదులు వేసి, మూడోనాడు పంపించారు. బస్సుకు ఇంకా పొద్దుంది. ఎదురుగా మ్యూజియం. లోపల చల్లగా ఉంటుందని అంకమ్మే తీసుకుపోయింది.

పనసకాయలా వాచిన మొహంతో గురవడు రాతిపలక ముందు ఆగాడు. సగం మూసుకుపోయిన కళ్ళతో చాలాసేపు చూశాడు.

"ఇవి కాసులని ఎవరన్నారు బావా?" అన్నాడు మెల్లగా. "ఈగలు గదా."

బయన్న పైవాడి చుట్టూ ఉన్న చుక్కల్ని దగ్గరికి వంగి చూశాడు. పలక వైపే మొహం పెట్టి అన్నాడు: "మల్లికి చెవులు కుట్టించాల. నీ ఒళ్ళోనే."

"సూదుల మాట ఎత్తొద్దు బావా, నీకు దణ్ణం పెడతా. ముందు ఈ వాపు తగ్గనీ. పిల్ల జడుసుకుంటది."

గడ్డి ఎలుగుబంటికి ఏడ్చిన మల్లి, ఆ మొహాన్ని చూసి ఏడవలేదు. "మామ" అంటూ చేతులు చాపింది. అంకమ్మ బిడ్డను తమ్ముడికి అందించి, పక్కనున్న బల్ల మీద ఒరిగింది. బస్సు వేళకు ఎవరో ఒకరు లేపుతారులే అనుకుని కళ్ళు మూసుకుంది.