అలివి వలకు రెండో తాడు

పూర్వం వేలానగరాన్ని ఏలే కీర్తిధర మహారాజుకు సంతానం లేదు. పైగా ఆయన రాజ్యాన్ని సముద్రం ఏటేటా కోసుకుపోతోంది. దిగులుపడ్డ రాజు, ఏడాది తిరిగేసరికి ఏ రేవులో ఇసుక ఒడ్డు ఎక్కువ వెడల్పుంటే ఆ రేవు పెద్దమనిషి కూతురికి రాజ్యం ఇస్తానని చాటింపు వేయించాడు.

అది విన్నప్పటి నుంచి దక్షిణపు రేవు పెద్దమనిషి కూతురు నూకరత్నానికి అన్నం సయించలేదు. పక్కనే ఉన్న ఉత్తరపు రేవు ఆమె మేనమామది. మేనమామ కూతురు బంగారి ఒడ్డు ఈమె ఒడ్డు కంటే పది బారలు ఎక్కువ. చిన్నప్పుడు బంగారి పావడా అంచు తన దానికంటే వెడల్పుందని మూడు రోజులు ఏడ్చిన పిల్ల నూకరత్నం. ఇక రాజ్యమే పోతుందంటే ఊరుకుంటుందా?

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మోసే భూతం ఉందని విని, మడ అడవిలో మోకాలి లోతు బురద తొక్కుకుంటూ బయలుదేరింది. దారిలో ఒక ముసలి తాబేలు అడ్డుపడింది.

"ఇసుక ఒకచోట ఉండేది కాదు తల్లీ. నడిచేదాన్ని ఆపకు," అని చెప్పింది తాబేలు. నూకరత్నం దాని పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది.

మొగ దగ్గర కొండంత భూతం, నది తెచ్చిన ఇసుకను బుట్టలకెత్తుతోంది. ఒక్క రేణువు రాలకుండా బుట్టను ఏడు అలలు దాటిస్తే వరమిస్తానంది. అసూయ ఎంత బలమిచ్చిందో గాని, నూకరత్నం దాటించేసింది.

"మా రేవు ఉత్తరపు చివర సముద్రంలోకి రాతిగోడ కట్టు. నీ బుట్టలన్నీ అక్కడే దిగాలి," అని కోరింది.

"నేను దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక పోసుకుంటూ నడుస్తాను. నువ్వు ఆపితే బంగారి రేవుకు వట్టి చేతులతో వెళ్తాను. ఆకలేసి ఆ ఒడ్డునే తింటాను. సమ్మతమేనా?"

నూకరత్నం వెంటనే సరేనంది.

గోడ లేచింది. దక్షిణాన ఒడ్డు నెలనెలా పెరిగింది, ఉత్తరాన తరిగింది. బంగారి వాళ్ల గుడిసెలు ఒక్కొక్కటే నీళ్లలో కూలుతుంటే నూకరత్నం గోడెక్కి చూసి సంతోషించేది. అవును, సంతోషించింది. దాచడమెందుకు?

ఏడాది తిరిగి, రాజు కొలతకు వచ్చిన రోజునే పెద్ద చేపల మంద ఉత్తరపు రేవు ముందుకొచ్చింది. అక్కడ అలివి వలను రెండు రేవులవాళ్లూ కలిసి లాగడం ఆచారం. పడవ వలను సముద్రంలో చుట్టి వస్తే, ఒక కొస తాడు దక్షిణపు వాళ్లు, రెండో కొస ఉత్తరపు వాళ్లు ఒడ్డుకు లాగాలి. దక్షిణాన వందమంది తాడు పట్టారు. అవతలి తాడు కదల్లేదు. నూకరత్నం గోడెక్కి, లాగమని కేకేసింది.

పీకల్లోతు నీళ్లలో తాడు పట్టుకుని బంగారి తలెత్తింది. "నా కాళ్ల కింద ఇసకే లేదు మరదలా. ఎక్కడ నిలబడి లాగమంటావు?"

ఇంతలో పెద్ద అల రాగానే తాడు జారింది. వల తిరగబడి మంద అంతా వెళ్లిపోయింది. రెండు రేవుల్లోనూ ఆ పూట పొయ్యి వెలగలేదు. కొలతలో గెలిచిందని రాజు కిరీటం ఇవ్వబోతుంటే నూకరత్నం తల వంచుకుని, గోడ తానే కట్టించానని చెప్పేసింది. ముందు ఇసుకకు దారి ఇవ్వమన్నాడు రాజు.

ఇచ్చిన వరం తాను వెనక్కి తీసుకోలేనని, రాళ్లు ఆమే మోయాలని భూతం చెప్పింది. నూకరత్నం అరచేతులు బొబ్బలెక్కేలా మోసింది. మూడో రోజు నుంచి బంగారీ వచ్చి ఒక చెయ్యి వేసింది. గోడ పోయాక భూతం మళ్లీ ఉత్తరానికి నడిచింది. వచ్చిన ఇసుక గాలికి పోకుండా ఇద్దరూ దిబ్బల మీద రావణాసురుడి మీసాల గడ్డి, మొగలి పొదలు నాటారు. మరుసటేడు రాజు కొలిపిస్తే రెండు ఒడ్లూ సరిసమానంగా తేలాయి. రాజ్యం ఇద్దరికీ ఇచ్చాడు.

పట్టాభిషేకం రోజున రాణులిద్దరూ చెరో తాడు పట్టారు. వల నిండుగా వచ్చింది. కాని బంగారి కొస రెండడుగులు ముందుగా ఒడ్డెక్కింది. నూకరత్నం మొహం మాడ్చుకుంది.

"రేపు ఆ తాడు నేను పడతాను వదినా," అంది.