పిడుగును ఎత్తుకున్నదెవరు?

ఆ సరస్సు పక్కన క్యాంపింగుకి ఇచ్చే జాగాల్లో చిట్టచివరిది ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు. సెలవుల్లో మిగతా జాగాలన్నీ బండ్లతో, గుడారాలతో కిటకిటలాడుతున్నా, అది మాత్రం ఖాళీగా పడి ఉంటుంది.

చెట్టు నీడ ఉంది. కుళాయి పక్కనే ఉంది. మరేం రోగం అంటారా?

అక్కడ చీకట్లో చెయ్యి చాపకూడదు.

చాపితే… ఎవరో అందుకుంటారు.

ఒకాయన టార్చిలైటు భార్యకిద్దామని, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపాడట. అందుకున్నారు. తీరా చూస్తే భార్య గుడారంలో గుర్రు పెడుతోంది. ఇంకో ఆవిడ తడి తువ్వాలు ఆరేయమని చెల్లెలికిచ్చింది. చెల్లెలు ఆ ఊళ్ళోనే లేదు, మర్నాడు బస్సు దిగాల్సిన మనిషి!

పోయిన వస్తువంటూ లేదు. తెల్లారేసరికి మూతపడ్డ బట్టలుతికే గది ముందున్న రాతి అరుగు మీద అన్నీ ఉండేవి. తువ్వాలు నాలుగు మడతలు వేసి, టార్చి అద్దం తుడిచి… ఎవరో పని మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు పెట్టినట్టు.

ఆ గదిలో ఒకప్పుడు దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే ఆవిడ ఉండేదట. ఎవరు ఏది తెచ్చినా, "ఇటివ్వండి" అని రెండు చేతులూ చాపేదట. ఆమె పోయింది. అలవాటు పోలేదు. అలా అని జనం అంటారు.

నాకిది చెప్పింది బొత్తాలావిడ. మా వీధి మొదట్లో బొత్తాలు, దారాలు అమ్మే కొట్టు ఆమెదే. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పింది. మా వయసులో అంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? నేను మరిచిపోకముందే మీ చెవిన కూడా వేస్తున్నాను.

బొత్తాలావిడ కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కోడలు కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు సానపడుతుంది. వాళ్ళకో ఆడపిల్ల, రెండేళ్ళు దాటింది. పెట్టిన పేరు ఏదో ఉంది కానీ ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు.

పిడుగు పడుకోదు.

పడుకోదంటే, అందరి పిల్లల్లా కాసేపు మారాం చేసి పడుకునే రకం కాదు. ఒళ్ళో ఊపితే కళ్ళు మూస్తుంది, ఊపడం ఆపితే తెరుస్తుంది. దీపం వెలిగిందా, ఒక్క మాట వినబడిందా… ఇక ఆ రాత్రికి జాగారమే.

అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. మెకానిక్కు బుర్రలో పుట్టిన పద్ధతి. పిల్లని ఊపేవాళ్ళకి చేతులు పడిపోతే, గోడ మీద రెండుసార్లు తట్టాలి. పిల్లని చీకట్లోకి చాపాలి. ఎవరికి మెలకువ వస్తే వాళ్ళు వచ్చి అందుకోవాలి. మాట లేదు, దీపం లేదు. ఇచ్చినవాళ్ళు వెళ్ళి పడుకోవాలి. అంతే.

ఆ వంతుల్లో బొత్తాలావిడా ఉండేది. అదే ఆమెకి గర్వం.

ఈమధ్య కొడుకు ఆ వంతు తీసెయ్యాలని చూస్తున్నాడు. ఎందుకంటే ఒకరోజు ఆవిడ పిల్లని చంటిపిల్లల తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని కొట్టుకి వెళ్ళింది. పిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చింది. బండి కొట్లోనే ఉండిపోయింది. ఇంకోరోజు ఫోను కనబడలేదు. ఇల్లంతా గాలిస్తే ఫ్రిజ్‌లో దొరికింది. ఎవరు పెట్టారో ఆవిడకి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"బండినే కదరా మరిచింది, పిల్లని కాదు కదా!" అని నవ్వేసింది.

కొడుకు నవ్వలేదు.

అలాంటి రోజుల్లో క్యాంపరు కొనాలన్న ఆలోచన వచ్చింది వాళ్ళకి. లోపలే పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి ఉంటాయే, ఆ బండి. కదిలే బండిలోనైతే పిడుగు పడుకుంటుందని ఆశ. వారం వారం ఎక్కడికో అక్కడికి పోవచ్చని సరదా.

పాత క్యాంపర్లు అమ్మే చోటికి వెళ్ళారు. రెండు నచ్చాయి. ఒకటి చిన్నది. నిగనిగలాడుతోంది. ఇద్దరికి పడక, మూల పిల్లకి ఉయ్యాల తొట్టి. రెండోది పొడుగ్గా ఉంది, రంగు వెలిసింది. అందులో తలుపు పక్కన ఇంకో పడక ఉంది.

కొడుకు చిన్నదాని చుట్టూ తిరుగుతూ, టైర్లు నొక్కి చూస్తూ, "అమ్మ ఇంట్లో హాయిగా ఉంటుందిలే," అన్నాడు.

కోడలు పొడుగు బండెక్కి, తలుపు పక్క పడక మీద ఒరిగింది. ఒరిగినది ఒరిగినట్టే నిద్రపోయింది. అమ్మేవాడు తలుపు గొళ్ళెం ఎలా పనిచేస్తుందో వివరిస్తూనే ఉన్నాడు.

"అత్తయ్య పడక బాగుందండీ," అంది లేచాక, కళ్ళు నులుముకుంటూ. "పొడుగుదే తీసుకుందాం."

"ఒక రాత్రి పడుకుని చూడండి సార్," అన్నాడు అమ్మేవాడు. "నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యండి."

మెకానిక్కు కాసేపు బుర్ర గోక్కున్నాడు. "సరే. ఈ రాత్రి అమ్మతో ఇబ్బంది లేకపోతే పెద్దది. ఉంటే చిన్నదే."

ఇబ్బంది అంటే ఏమిటో బొత్తాలావిడకి అర్థమైంది. ‘ఈ ఒక్క రాత్రి ఏదీ మరిచిపోకూడదు,’ అని తనకి తానే చెప్పుకుంది.

సరస్సు దగ్గర మిగిలింది ఆ చివరి జాగా ఒక్కటే.

కాపలాదారు గేటు తీస్తూ, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. "రాత్రిపూట చీకట్లో చెయ్యి చాపకండి. అంతే. ఇంకే భయమూ లేదు."

"చాపకపోతే సరి!" అని కొడుకు పెద్దగా నవ్వాడు. చక్రాల కింద చెక్కలు పెట్టి, మట్టం చూసి, మళ్ళీ చెక్కలు తీసి, మళ్ళీ పెట్టి, బండి వెంట్రుకవాసి వాలు కూడా లేకుండా నిలబెట్టాడు.

రాత్రయితే ఆ ఇంట్లో ముగ్గురూ చేసే పని చీకట్లో చేతులు చాపడమేనని… ఒక్కరికీ తట్టలేదు.

బొత్తాలావిడ తలుపు పక్క పడక మీద పడుకుంది. మొదటి వంతు కొడుకుది. తర్వాత తను అందుకుంది, ఊపింది, ఊపింది, తట్టి కోడలికి ఇచ్చింది. అది ఆమెకి బాగా గుర్తు. ‘ఇచ్చాను, కోడలికిచ్చాను,’ అని అనుకుంటూ అనుకుంటూనే నిద్రలోకి జారింది.

మళ్ళీ మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటే. గాలి లేదు. నీళ్ళ చప్పుడు లేదు.

మరీ నిశ్శబ్దంగా ఉంది.

పిడుగున్న చోట అంత నిశ్శబ్దమేమిటి?

గోడ పట్టుకుని లోపలికి నడిచింది. తడిమింది. కొడుకు చెయ్యి… కోడలి జుట్టు… మధ్యలో దిండు.

దిండు మాత్రమే.

"అమ్మాయ్…" అని కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "పిడుగేదే?"

కోడలు కళ్ళు తెరవకుండానే గుసగుసలాడింది. "మీ దగ్గరే కదా అత్తయ్యా…"

"నా దగ్గరెందుకుంటుంది?"

"మీకే ఇచ్చాను. అది చుక్కలు చూస్తానని పేచీ పెడితే మెట్టు మీద కూర్చున్నాను. చేతులు పడిపోయాయి. బండి మీద రెండుసార్లు తట్టాను. మీరు… అందుకున్నారు."

ఆ ‘అందుకున్నారు’ దగ్గర కోడలు కళ్ళు తెరిచింది.

దీపం వెలిగింది. కొడుకు లేచి కూర్చున్నాడు. పడకల కింద చూశారు. అలమార్లు తెరిచారు. పిడుగు లేదు.

"అమ్మా." కొడుకు తల్లి భుజాలు పట్టుకున్నాడు. "కంగారు పడకు. నిదానంగా గుర్తు తెచ్చుకో. పిల్లని ఎత్తుకుని ఎక్కడికెళ్ళావు?"

‘నేను ఎత్తుకోలేదురా!’ అని అరవబోయి ఆగింది బొత్తాలావిడ.

ఫోను కూడా తను పెట్టలేదనే కదా అనుకుంది?

తన రెండు చేతులకేసి చూసుకుంది. మీరేమైనా ఎరుగుదురా అని వాటిని అడుగుతున్నట్టు.

"ఏమోరా…" అంది. "ఎత్తుకున్నానేమో."

ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం, మూడుసార్లూ, బొత్తాలావిడ నా మొహం చూడలేదు.

కొడుకు టార్చి పట్టుకుని సరస్సు వైపు పరుగెత్తాడు. పిడుగూ… పిడుగూ… అని వాడి కేక నీళ్ళ మీద పడి తిరిగొస్తోంది. కోడలు చెప్పులు లేకుండానే కుళాయి దగ్గరికి, చెట్టు దగ్గరికి, మళ్ళీ కుళాయి దగ్గరికి తిరుగుతోంది. బొత్తాలావిడ బండి మెట్టు మీద నిలబడి, ‘ఎక్కడ పెట్టాను… ఎక్కడ పెట్టాను…’ అని గొణుక్కుంటోంది. బొత్తాల పెట్టె గురించి అనుకునే మాట, మనవరాలి గురించి అనుకోవాల్సి వచ్చింది చూడండి.

కొడుకు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

అప్పుడు…

టక్. టక్.

బండి పక్క రేకు మీద ఎవరో తట్టారు. వాళ్ళింట్లో తట్టినట్టే. రెండుసార్లు.

తట్టాల్సినవాళ్ళు ముగ్గురూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

బండి మూల నుంచి, చీకట్లోంచి, రెండు చేతులు బయటికి వచ్చాయి. మోచేతుల దాకానే. ఆ వెనక ఏముందో కనబడలేదు. వేళ్ళు రోజంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

ఆ చేతుల్లో పిడుగు.

కళ్ళు దీపాల్లా వెలిగిపోతున్నాయి. నవ్వుతోంది. కాళ్ళు ఆడిస్తోంది.

"మళ్ళీ!" అని అరిచింది. "మళ్ళీ! మళ్ళీ!"

కొడుకు చేతిలోంచి టార్చి జారింది. దగ్గరగా ఉన్నది బొత్తాలావిడే. చేతులు చాపింది. అందుకుంది. పిల్ల బరువు తన గుండెకి తగిలాక గానీ ఊపిరి తీసుకోలేదు.

కోడలు ఒక్క అంగలో వచ్చి పిల్లని లాక్కుని, నెత్తి నుంచి పాదాల దాకా తడిమి చూసింది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. ముక్కు తుడిచి ఉంది. జుట్టు దువ్వి ఉంది. సాయంత్రం మట్టిలో దొర్లిన గౌను, ఉతికి ఆరేసి తొడిగినట్టు సబ్బు వాసన వేస్తోంది.

ఆ చేతులు మాత్రం వెనక్కి పోలేదు. చీకటి అంచున వేలాడుతూనే ఉన్నాయి… సత్తువంతా అయిపోయినట్టు.

అప్పుడు వినిపించింది గొంతు. సన్నగా, పొడిగా, ఏడుపు కలిసిన గుసగుస.

"అమ్మా… ఇది అసలు పడుకోదా?"

మెకానిక్కుకి పై ప్రాణాలు పైనే పోయాయి. బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బొత్తాలావిడకి మాత్రం, ఆమె మాటల్లోనే చెప్పాలంటే, నెత్తి మీంచి బరువు దించినట్టయింది. మోచేత్తో కొడుకుని ఒక్క పోటు పొడిచింది.

"చూశావట్రా! నేను కాదు! దెయ్యం!"

"అవునమ్మా… మెల్లగా…"

"మెల్లగా ఎందుకు? ఎత్తుకున్నది ఎవరు? గట్టిగా చెప్పు."

"నువ్వు కాదు. నువ్వేం మరిచిపోలేదు. లోపలికి రా అమ్మా, నీకు దణ్ణం పెడతాను…"

"మరి బండి?"

"పెద్దదే! పెద్దదే కొందాం! రా ముందు!"

బొత్తాలావిడ లోపలికి రాలేదు. మెట్టు దిగి, ఆ చేతుల వైపు తిరిగింది. కొత్తగా పిల్లలు పుట్టిన ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళిన పెద్దవాళ్ళు మాట్లాడతారే, అలా ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది.

"పడుకోదు తల్లీ. మాకూ రెండేళ్ళుగా ఇదే గోల. మొదటి రాత్రి కదా, నీకు అలా అనిపిస్తుంది. పోనుపోను అలవాటైపోతుంది. ఈ బండి కొనేస్తున్నాం. ఇకనుంచి ప్రతి శనివారం ఇక్కడికే వస్తాం."

చేతులు చటుక్కున మాయమయ్యాయి.

ఆ తర్వాత గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడు వినిపించింది, సరస్సుకి అవతలి వైపుగా పోతూ…

నడక కాదు. పరుగు.