సాక్షి కుర్చీ

వకుళ తలకి లోహపు టోపీ బిగించి, ఎదురుగా ఉన్న తెరమీద సునంద ఫోటో చూపించారు. ఏమీ మాట్లాడనక్కర్లేదనీ, ఈవిణ్ణి తలుచుకుంటే చాలనీ ఇమిగ్రేషన్ అధికారి అన్నాడు. అతని మాటల్ని చెవిలోని అనువాద యంత్రం తెలుగులో వినిపించింది.

ఆ ద్వీపదేశంలో అడుగుపెట్టాలంటే పాస్‌పోర్టు చాలదు. ముఖాలకీ, వేలిముద్రలకీ, కంటిపాపలకీ కూడా నకళ్లు తయారయ్యే రోజులొచ్చాక, నకలుకి లొంగనిది ఎదుటిమనిషి జ్ఞాపకం ఒక్కటేనని అక్కడి శాస్త్రజ్ఞులు తేల్చారు. అందుకని తోటి ప్రయాణికుడే సాక్షి. తెలిసిన ముఖం చూడగానే మెదడులో స్పందించే కణాలను స్కానర్ కొలిచి, నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. నలభై దాటితే గేటు తెరుచుకుంటుంది.

వకుళ, సునంద కాకినాడలో రొయ్యల వ్యాధుల లేబొరేటరీలో ఏళ్ల తరబడి పక్కపక్క బల్లల దగ్గరే పనిచేస్తున్నారు. కొత్త వైరస్‌ని ఇద్దరూ కలిసే పట్టుకున్నారు. ఇక్కడి సభలో ప్రసంగించమని పిలుపు మాత్రం సునందకొచ్చింది. వకుళ వెంట వచ్చింది, అంతే.

నాకు గుర్తురాకపోతే ఈవిడ ఇక్కడే ఆగిపోతుంది, ప్రసంగం నాదవుతుంది అనుకుంది వకుళ. కళ్లు మూసుకుని మనసు ఖాళీ చేసుకోబోయింది. కానీ సునంద జడలో పెన్ను దోపుకునే తీరు, నవ్వేముందు ఎడమ భుజం ఎగరేయడం, డైరెక్టరు మెచ్చుకున్న రోజు ఆవిడ కట్టుకున్న చీర, ఆ చీర బాగుందని పైకి చెప్పి తాను ఇంటికెళ్లి అన్నం మానేయడం, అన్నీ కట్ట తెగినట్టు వచ్చిపడ్డాయి.

తొంభై ఎనిమిది.

"తల్లీబిడ్డల్లో కూడా ఇంత చూడలేదు. ఆవిడంటే మీకు ప్రాణంలా ఉంది," అన్నాడు అధికారి.

వకుళ తలూపింది.

తర్వాత సునంద కూర్చుంది. నుదురు చిట్లించి చాలాసేపు తలుచుకుంది. పదకొండు. యంత్రం పాడైందేమోనని మళ్లీ పరీక్షించారు. అదే పదకొండు. తనకి మసగ్గా గుర్తొచ్చిందల్లా మైక్రోస్కోపు మీదికి వంగిన ఒక వీపు, గుమ్మం పక్కన ఆరేసిన గొడుగు అని సునంద ఒప్పుకుంది.

వకుళ చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ సునంద కూడా తనమీద ఓ కన్నేసి ఉంచిందనే అనుకుంది. పోటీ ఇద్దరిదీ అనుకుంది.

మార్కులు పెరగకపోతే వకుళని వచ్చిన విమానంలోనే వెనక్కి పంపుతామన్నాడు అధికారి. కొత్త జ్ఞాపకాలు కూడా చెల్లుతాయట. ముఖం చిన్నబోయిన సునంద, ప్రసంగానికి రాలేనని సభవాళ్లకి కబురు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"తప్పు నాదే వకుళగారూ. మీ గురించి చెప్పండి. బాగా విని మళ్లీ కూర్చుంటాను."

వకుళ గొంతు సవరించుకుంది. కారు నడపడం ఎందుకు నేర్చుకుందో చెబుదామనుకుంది. సునంద కారు కొనుక్కుందని. పీహెచ్‌డీ అంశం ఎందుకు మార్చుకుంది? సునందకి గైడుగా ఉన్నాయన దగ్గర చేరాలని. రామారావుపేటలో ఇల్లెందుకు తీసుకుంది? పై వీధిలో సునంద ఉందని. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా దారి సునంద దగ్గరికే పోతోంది.

"చెప్పండి," అంది సునంద. చేతులు ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా ఎదురుచూస్తోంది.