ఐరాల అచ్చు

“అచ్చు ఈ సాయంత్రం బయలుదేరుతోంది. ఆపాలి,” అన్నాడు కంపెనీ నిఘా విభాగం చీఫ్ పరంధామయ్య.

2002 జూన్. తిరుపతి బస్టాండు ఎదుట లాడ్జి గది. ఏజెంట్ హరినాథ్ అప్పటికే మామిడికాయల దళారీ వేషంలో ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, నడుముకు పిస్టల్.

“మన త్రినేత్ర మోటార్స్ ఇప్పుడు కారును మాడ్యూళ్లుగా కడుతోంది. మీటర్లు, వైరింగు, ఏసీ అన్నీ బిగించిన డ్యాష్‌బోర్డు కాణిపాకం దగ్గరి ఐరాల యూనిట్ నుంచి ఒకే వస్తువుగా వస్తుంది. కారులోకి తోసి బోల్టులు బిగిస్తే చాలు. దాని ప్లాస్టిక్ పలకను పోతపోసే ఉక్కు అచ్చు ఒక్కటే ఉంది. విదేశీ ముఠా దాన్ని మామిడి గుజ్జు డ్రమ్ముల మధ్య దాచి చెన్నై హార్బరుకు పంపుతోంది. అది పోతే ఐరాలలో నాలుగొందల మంది రోడ్డున పడతారు.”

“ముఠా మనిషి?”

“లోహిత. మన స్ట్రాటజీ కన్సల్టెంటే. డబుల్ ఏజెంట్. అందం చూసి మోసపోకు.”

హరినాథ్ నేరుగా కాణిపాకం వెళ్లాడు. చీఫ్ ఇచ్చిన వివరాల ప్రకారం లారీ కొత్తది, డ్రైవరు చిత్తూరువాడు. వినాయకుడికి టెంకాయ కొట్టకుండా కొత్త బండిని జిల్లా దాటించడు. అంత పెద్ద ముఠాకు ఈ చిన్న సంగతి తెలియదు.

అనుకున్నట్టే లారీ గుడి ముందు ఆగింది. వెనకే నల్ల కారు. హరినాథ్ చేతి గడియారంలో దాచిన మెటల్ డిటెక్టర్ కుయ్యిమంది. డ్రమ్ములన్నీ ఇనుమే కాబట్టి కూస్తూనే ఉంది! ఛీ అని దాన్ని ఆపేసి, డ్రైవరు మునిరామయ్య స్టార్ట్ చేసిన లారీకి అడ్డంగా దూకాడు.

“ఇందులో ఏముందో తెలుసా?”

“గుజ్జు సార్. బిల్లు ఉండాది.”

“ఐరాల డ్యాష్‌బోర్డు అచ్చు!”

మునిరామయ్య మొహం పాలిపోయింది. “మా బిడ్డ మునిలక్ష్మి ఆ లైన్లోనే పనిసేస్తా ఉండాదప్పా!”

కారు దిగిన లోహిత నల్ల కళ్లద్దాలు తీసింది. “నేను దొంగతనం చెయ్యలేదు. స్వామి మీద ప్రమాణం,” అంది గుడివైపు చెయ్యి చాచి.

హరినాథ్ నవ్వి బేడీలు వేశాడు.

“ఈడ ఎవురూ అబద్ధం సెప్పరు సార్,” అన్నాడు మునిరామయ్య భయంగా.

హరినాథ్ సెల్ తీశాడు. “మిషన్ సక్సెస్ సార్.”

“శభాష్!” అన్నాడు చీఫ్. పావుగంటలో మళ్లీ ఫోన్ చేశాడు. “ఇక వదిలెయ్. ఆ అచ్చును మన ఎండీగారే అమ్మారు, ముఠాకు కాదు, విదేశీ కంపెనీకి. ఇకపై డ్యాష్‌బోర్డులు వాళ్ల దగ్గరే కొంటాం. రేటు తెగలేదు. నువ్వు లారీ ఆపావు, వాళ్లు దిగొచ్చారు. అదీ స్ట్రాటజీ.”

“మరి గుజ్జు డ్రమ్ములెందుకు?”

“ఐరాలవాళ్లు చూస్తే గేటు దాటనిస్తారా?”

హరినాథ్‌కు ఒళ్లు మండిపోయింది. దేశం కోసమనుకున్నది బేరం కోసమట! బేడీలు విప్పాడు. లోహిత అతనికేసి జాలిగా చూసి కారెక్కింది.

“ఎనక్కి తోలాల్నా సార్, ఐరాలకి?” ఆశగా అడిగాడు మునిరామయ్య. “నా బిడ్డ పని పోదు గదా? మీరూ ఈడే ప్రమాణం సేసి సెప్పండి.”

ఏడు పేర్లతో, మూడు పాస్‌పోర్టులతో అబద్ధాలాడిన హరినాథ్ గుడివైపు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు.

“చెన్నైకే పోనీ,” అన్నాడు చివరికి, తల దించుకుని.

ఆ సంక్రాంతికి ముందే ఐరాల గేటుకు తాళం పడింది. కంపెనీ మెచ్చి హరినాథ్‌కు కొత్త కారు బహూకరించింది. పూజకు మాత్రం అతను దాన్ని కాణిపాకం తీసుకెళ్లలేదు.